పాతాళం దున్నిన చెల్లెలి పొలం

ఊళ్ళో అందరూ అతన్ని పాతాళం అనేవారు. ట్రాక్టరు నాగలి నేలలోకి దింపాడంటే పాతాళం చూసిగాని పైకి తీయడని ఆ పేరు. దానికతను నొచ్చుకోకపోగా మీసం మెలేసేవాడు. ముప్పై ఏళ్ళుగా చుట్టుపక్కల పొలాలన్నీ అతని చేతిమీదుగా దున్నినవే. నాలుగేళ్ళుగా అతణ్ణి అడుగుపెట్టనివ్వని పొలం ఒక్కటే, అదీ సొంత చెల్లెలిది.

ఆమె పాత పంట మోళ్ళు అలాగే ఉంచి, వాటి మధ్యనే కొత్త విత్తనాలు నాటేది. నాటేముందు విత్తనాలకు కూతురు తెచ్చిన ఏదో పొడి పట్టించేది. ఏటా అతను దున్నిపెడతానంటే "వద్దులే అన్నయ్యా" అనేది. డబ్బు తీసుకోనని మొహమాటపడుతోంది పిచ్చిది, అనుకునేవాడు. మొహమాటం తప్ప ఆ మాటకు ఇంకో అర్థం ఉంటుందని అతనికి తోచనే లేదు. పైగా టీ కొట్టు దగ్గర "దీపం కిందే చీకటి" అంటూ జనం ఎగతాళి చేస్తుంటే తల కొట్టేసినట్టయ్యేది.

ఈ ఏడాది ఆమె మోకాలి ఆపరేషన్‌కి ఆసుపత్రిలో చేరింది. ఇదే అదననుకుని, ఒక్క పూటలో పొలమంతా తిరగేసి పెట్టాడు. మోళ్ళు అడుగుకి పోయాయి, అడుగు మట్టి పైకొచ్చింది. తిరిగొచ్చి చూసి మురిసిపోతుందని రెండు రోజులు తనలో తనే నవ్వుకున్నాడు.

ఆమె కారు దిగి, కర్ర ఊతంతో గట్టు దాకా నడిచి, చూసిన చోటే కూలబడిపోయింది. 

"ఎవరు చేశారిది?"

"నేను కాక ఇంకెవరు చేస్తారే?" అన్నాడు. పెదవుల మీది నవ్వు సగంలోనే ఆగిపోయింది.

 తల్లితోపాటు కారు దిగిన మేనకోడలు, మట్టి పరీక్షలు చేసే పిల్ల, ముందుకొచ్చింది.

"అమ్మ విత్తనాలకు పట్టించే పొడిలో ఉన్నది ఒక రకం బూజు, మామయ్యా. వేళ్ళను పట్టుకుని నేలలో సన్నని దారాల్లా అల్లుకుపోతుంది. మొక్క గాలిలోంచి లాక్కున్న కార్బన్‌ని మట్టి ఉండల్లో దాచిపెడుతుంది, నేలకు సారం అదే. దున్నితే దారాలు తెగుతాయి, ఉండలు పగులుతాయి. దాచింది మళ్ళీ గాలిలోకి పోతుంది."

"అంతా పోయిందా?"

"కొలిస్తేగాని తెలీదు. చాలానే పోతుంది."

అతనికి నమ్మబుద్ధి కాలేదు. నాగలి పట్టిన చేతిని బూజు భయపెట్టడమేమిటి? ఆ పిల్ల వాదించకుండా రెండు గాజు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చింది. చెల్లెలి పొలంలో ట్రాక్టరు అందని మూల నుంచి ఒక ఎండు మట్టిగడ్డ, పక్కనే ఉన్న అతని పొలం నుంచి ఇంకొకటి తీసి చెరో గ్లాసులో వేసింది. చెల్లెలి మట్టిగడ్డ చెక్కుచెదరలేదు. అతనిది చూస్తుండగానే చితికి, నీళ్ళన్నీ బురద చేసి అడుక్కి పోయింది.

"నా మట్టికేమైంది?"

"మట్టిని పట్టి ఉంచే దారాలు లోపల మిగల్లేదు, మామయ్యా."

అతని కళ్ళు గ్లాసు వదిలి తన పొలం మీదికి, అక్కణ్ణుంచి అవతలి పొలం మీదికి, దాని అవతలిదాని మీదికి పోయాయి. అన్నీ తను దున్నినవే. ఇన్నేళ్ళూ పిలిచి మరీ చేయించుకుని, బాగా దున్నావని భుజం తట్టారు అందరూ.  

చెల్లెలు కర్ర పక్కన పెట్టింది.

"మళ్ళీ మొదటికొచ్చింది. ఈ కాలితో ఇంక నావల్ల కాదు. పొలం నువ్వే చూసుకో అన్నయ్యా."

"నేనా? నాశనం చేసింది నేనే కదే."

"నువ్వు చూసుకుంటున్నావంటే ఇంకెవడూ ఇందులో నాగలి దింపడు."

తిట్టి ఉంటే పడేవాడు. దుమ్మెత్తిపోసినా తట్టుకునేవాడు. అంత చేసిన తన చేతికే పొలం అప్పజెబుతుందని అతను కలలో కూడా అనుకోలేదు. దున్నిన మట్టిలోనే చతికిలబడి, మేనకోడలు చూస్తోందని కూడా లేకుండా ఏడ్చాడు.