వీధి తాడు మీద చొక్కా

ఉతికిన గుడ్డలకు పెరడే మంచిది. ఎండా గాలీ రెండూ ఉంటాయి, దుమ్ము ఉండదు. రంగు గుడ్డల్ని తిరగేసి ఆరెయ్యాలి. చొక్కాను భుజాలు పట్టి కాదు, కింది అంచు పట్టి వేలాడదియ్యాలి. ఇవన్నీ తెలిసీ, తిరుత్తణిలో ఒక చొక్కాను మాత్రం వీధి వైపు, బస్సుల దుమ్ములో, మంచి వైపు పైకి పెట్టి ఆరేసేదాన్ని.

అది మా ఇంటాయనది. డెబ్బై ఐదులో ఆయన పోయారు. కర్మ రోజున పోయినవాళ్ల గుడ్డలు చాకలికి ఇవ్వడం మా ఆనవాయితీ. ఇచ్చాను. నీలం గీతల చొక్కా ఒకటి మాత్రం పెట్టెలో ఉంచుకున్నాను.

కూతుళ్లు అప్పటికే కాపురాలకు వెళ్లిపోయారు. పొన్నేరి నుంచి తమ్ముడు వచ్చి, ఇల్లు ఖాళీ చేసి తనతో వచ్చెయ్యమన్నాడు. మరదలి వంటింట్లో గిన్నె అడిగి తీసుకుని బతకడం నాకు చేతకాదు. రానన్నాను.

"ఒంటి ఆడమనిషివి. నీమీద ఒక్క మాట వినబడిందా, నేనే బండి తెచ్చి సామాను ఎక్కిస్తా" అనేసి వెళ్లాడు.

మాలో ఆడవాళ్ల గుడ్డలు పెరట్లోనే ఆరేస్తారు, మగవాళ్లవైతే వీధి వైపు. ఇంట్లో మగదిక్కు ఉన్నదీ లేనిదీ వీధి తాడే చెప్పేస్తుంది. మా ఇంటి ముందు దారి కొండమీది గుడికి పోయేది, ఎప్పుడూ కొత్త మనుషులే. అందుకని నా చీర జాడించిన నీళ్లలోనే ఆ చొక్కాను ముంచి, పిండి, ముందర వేసేదాన్ని. పొద్దుగూకేలోపు తీసి మడత పెట్టేదాన్ని. కొన్ని రోజులు నోరు తెరిచి ఒక్క మాటా మాట్లాడే పని ఉండేది కాదు. అన్నం ఒక పూటే వండేదాన్ని.

ఎదురింట్లోకి కొత్తగా చేరిన ఆవిడకు నా బొట్టులేని నుదురూ కనబడింది, చొక్కా కూడా కనబడింది.

"ఏంక్కా, చొక్కా దినామూ ఆరతా ఉండాది. తొడుక్కునే మనిషి యాడ?"

"నీకెందుకు? నీ మొగుడి బనీను చిరుగు కుట్టుకో పో" అన్నాను.

ఆవిడ పుట్టిల్లూ పొన్నేరే. మాట అక్కడికి చేరింది. ఒక పొద్దున తమ్ముడు బస్సు దిగి, చెప్పులైనా విప్పకుండా తాడు దగ్గర నిలబడ్డాడు.

"ఎవురిది ఇది? ఇంట్లో ఎవుడో మగోడు ఉండాడంట. ఊరంతా అంటా ఉండారు."

"మీ బావది. పట్టి చూడు."

కాలరు తిప్పి చూశాడు. దీపావళికి బావకని తానే కొనిచ్చిన చొక్కా. గీతలు ఎండకు సగం పోయాయి. వాడి చెయ్యి దానిమీదే ఉండిపోయింది.

"దీన్నెందుకక్కా తడపతా ఉండావు?"

"లోపల మనిషి ఉండాడని అనుకుంటారని."

"దినామూ ఒకే చొక్కా ఆరేస్తే ఎవురు నమ్ముతారు? బావకు ఇంగో చొక్కా కుట్టించని పిసినారని నిన్నే నగుతారు" అన్నాడు. నవ్వబోయాడు, రాలేదు.

కాఫీ తాగాడు. బండి మాట ఎత్తలేదు. లేచేటప్పుడు జేబులో డబ్బులు తీసుకుని, ఒంటిమీది చొక్కా విప్పి నా చేతికిచ్చాడు.

"మార్చి మార్చి ఎయ్యి."

"పొన్నేరి దాకా బనీనుతో పోతావా?"

"తువ్వాలు ఉండాది కదా, పోతా."

వాడు బస్సెక్కాక లోపలికి వచ్చాను. ఆ పూట దాన్ని ఉతకలేదు. మేకుకు తగిలించి, వాడి చెమట ఆరేదాకా దాని ఎదురుగా కూర్చున్నాను.