టైరు కింద పిండి చెక్క

నా ముక్కు మీద అడ్డంగా సన్న గీత ఒకటి ఉంది. అడిగినవాళ్లందరికీ పిల్లి గీరిందని చెప్పుకుంటూ వచ్చాను. మా ఇంట్లో పిల్లి లేదు. ఎప్పుడూ లేదు! ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు నిజం రాస్తున్నాను. టీ పక్కన పెట్టుకుని చదవండి. నవ్వొస్తే నవ్వుకోండి. ఆ రోజు మాత్రం నాకు నవ్వు రాలేదు.

హిందూపురంలో మా అవ్వకు కంటి ఆపరేషన్ అయింది. ఎడమ కన్ను ఎప్పుడో పోయింది, శుక్లం ముదిరేదాకా ఎవరికీ చెప్పలేదు ఆమె. మిగిలింది కుడి కన్ను. దానికే కోసి, కుట్టు వేసి, కట్టు కట్టారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గట్టిగా చెప్పాడు: "అవ్వ దగ్గకూడదు. వంగకూడదు. ఉలిక్కిపడి లేవకూడదు. అరవకూడదు. కుదుపు అసలే తగలకూడదు. కుట్టు తెగిందంటే మళ్లీ నేనేమీ చేయలేను. ఎనిమిదో రోజు కట్టు విప్పుతాను."

మా ఊరు ధర్మవరం అవతల, కనగానపల్లి దోవలో. ఆ రోడ్డు మీద బస్సెక్కితే కుట్లేమిటి, పళ్లే ఊడతాయి. కాబట్టి మా నాయన డీజిల్ వ్యానే గతి. దాంట్లో ఆయన శనక్కాయలు హిందూపురం నూనె మిల్లుకు తోలతాడు. తిరిగొచ్చేటప్పుడు నూనె తీయగా మిగిలిన పిండి చెక్కలు తెస్తాడు. పలకల్లా, రాయిలా ఉంటాయి. వాటిని నీళ్లలో నానబెట్టి మా ఎనుములకు, అదే గేదెలకు, పెడతాం. నానబెట్టే పని నాది. ఏడేళ్ల వయసు నుంచీ నాదే. ఈ మాట గుర్తుపెట్టుకోండి, నేను మాత్రం ఆ రోజు మర్చిపోయాను.

పదో తరగతితో నా బడి ఆగిపోయింది గానీ నా చేతులు ఆగలేదు. అంగట్లో పొట్లాలు కట్టే పాత ఇంగ్లీషు పుస్తకాలు తెచ్చుకుని, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివేదాన్ని. వాటిలో ఒకదాంట్లో చూశాను, బండిలో ఇల్లు! మంచం, పొయ్యి, కొళాయి, కిటికీలకు తెరలు, అన్నీ చక్రాల మీద. కింద టిప్పులు కూడా రాశారు. అందులో ఒకటి నా తలకు అతుక్కుపోయింది: చిన్న ఇంట్లో ప్రతి వస్తువూ రెండు పనులు చేయాలి.

అంతే! అవ్వ ఆసుపత్రిలో ఉన్న మూడు రోజులూ వ్యాను ఆసుపత్రి వెనక వీధిలో నిలబడి ఉంది. నాయన అవ్వ దగ్గర, నేను వ్యాను దగ్గర. సైకిల్ షాపాయన దగ్గర రంపం ఇప్పించుకున్నాను. అవ్వకోసం తెచ్చిన నులక మంచానికి నాలుగు కాళ్లూ కోసేశాను. పాత లారీ ట్యూబు ముక్కలు కోసి, వాటితో మంచాన్ని వ్యాను పైకప్పు కమ్ములకు వేలాడదీశాను. బండి గతుకులో పడినా మంచం మెల్లగా ఊగుతుంది, అంతే. అవ్వ పాత చీరతో గోడకు సంచులు కుట్టాను, మందులకొకటి, గ్లాసులకొకటి. దోమలు రాకుండా కిటికీలన్నిటికీ బయట నుంచి ఇనుప జాలీ కొట్టేశాను. నీళ్ల క్యానుకు కొళాయి, కొళాయి కింద బేసిన్, బేసిన్ కింద చిల్లు, చిల్లుకు రబ్బరు పైపు. అంట్లు కడిగిన నీళ్లు చుక్క కూడా లోపల పడకుండా బండి కిందకి పోతాయి. పైపు కొస బండి కింద ఎక్కడ తేలుతుందో మాత్రం చూడలేదు. చూడాలని తోచలేదు.

మంచం కాళ్లు కనిపించక నాయన ఎగిరిపడ్డాడు.

"కాళ్లు యాడ పాపా?"

"కోసేసినా నాయనా. వేలాడే మంచానికి కాళ్లెందుకు?"

"ఇంటికి పోయినంక నా తలకాయ మీద పెట్టుకోమంటావా మంచాన్ని?"

అవ్వను ఎత్తి పడుకోబెట్టి, ఒక వీధి అటూ ఇటూ తిప్పి చూశాక మాత్రం ఆయన ఏమీ అనలేదు. అవ్వ ఒక్క మాట అంది: "ఒరే, నేను నీళ్ల మింద పోతాండాన్రా."

అసలు తప్పు ఇప్పుడు వస్తుంది. ఆ వ్యానుకు హ్యాండ్‌బ్రేక్ పనిచేయదు. గేరులో పెట్టినా కాసేపటికి జారిపోతుంది. అందుకే నాయన సీటు కింద రెండు నల్ల గుండ్లు, తలకాయంత రాళ్లు, ఉంచుకుంటాడు. యాడ ఆపినా టైరు కింద పెడతాడు. మట్టి, గ్రీజు, వాటి నిండా చీమలు! నా ఇంట్లో అలాంటివా? రెండింటినీ ఆసుపత్రి గోడ పక్కన పడేశాను. పుస్తకంలో టైరు కింద పెట్టే వస్తువు బొమ్మ ఉంది, ఒకవైపు ఎత్తు, ఇంకోవైపు వాలు. అలాంటిది దేనితో చేయాలి? బండిలో పిండి చెక్కల మూట ఉండనే ఉంది. మందపాటిది ఒకటి తీసి, రంపంతో బొమ్మలో ఉన్నట్టే కోశాను. బండీ ఆపుతుంది, ఇంటికి పోయాక ఎనుమూ తింటుంది. ఒక వస్తువు, రెండు పనులు! నా తెలివికి నేనే మురిసిపోయాను.

పెనుకొండ దాటి కొంత దూరం పోయాక ఇంజను వేడెక్కింది. మిట్ట మధ్యాహ్నం. నాయన బండిని రోడ్డు దిగించి ఒక కానుగ చెట్టు నీడలో ఆపాడు. ముందర నేల కొంచెం వాలుగా ఉంది. వాలు కింద అప్పుడే దున్నిన చేను. చేను నడిమధ్యలో గట్టు లేని పెద్ద బావి. పక్కన మోటారు కొట్టం.

"గుండ్లు ఇయ్యి పాపా."

"గుండ్లెందుకు నాయనా, ఇది చూడు."

ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "ఇది మన పిండి చెక్క కదా?"

"రాయంత గట్టి." బండి బంపరు మీద కొట్టి చూపించాను, టక్కుమంది.

వెనక టైరు ముందర పెట్టి, బండిని భుజంతో నెట్టి చూశాడు. కదల్లేదు. "ఏమో, నీ సదువు నీది," అని బక్కెట్టు తీసుకుని రేడియేటరు నీళ్లకోసం కొట్టం వైపు పోయాడు.

నేను కిరసనాయిలు స్టవ్వు బయట పెట్టి గంజి కాచాను. లోపలికి పోయి అవ్వకు స్పూనుతో తాగించాను. బేసిన్‌లో గిన్నెలు కడిగాను. ఒక్కసారి కాదు, సరదాకు రెండుసార్లు కడిగాను. కొళాయి తిప్పడం, నీళ్లు గుటగుటమని పోవడం, అబ్బ, ఎంత ముచ్చట! తర్వాత దిగి, చెట్టు మొదట్లో కూర్చుని, ఇంకా ఏమేం చేయొచ్చా అని నోటు పుస్తకంలో బొమ్మలు గీసుకుంటూ ఉన్నాను.

గొర్రెల మంద వచ్చింది. వెనకే కంబళి కప్పుకున్న తాత. గొర్రెలు బండి అవతలి వైపు, వెనక టైరు దగ్గర గుమిగూడాయి.

"ఏమ్మా, మా జీవాలు నీ బండి కాడికి దూరుతాండాయి. పర్వాలేదా?"

కడిగిన నీళ్లు తాగుతున్నాయనుకున్నాను. "పర్వాలేదు తాతా. పారబోసేవే కదా, కడుపునిండా కానీ."

"సల్లగుండు తల్లీ. ఈ కరువులో ఇట్ల పెట్టేవాళ్లు యాడుండారు!"

నీళ్లకు ఇంత దీవెనా అనుకున్నాను. పొంగిపోయాను కూడా. తల ఎత్తి చూస్తే, నా వ్యాను నా ముందర నుంచి పోతోంది.

వేగం లేదు. మనిషి నడిచినంత. చప్పుడూ లేదు. బండి తనంతట తాను, బావి వైపు.

నోరు తెరిచాను. అరుపు గొంతు దాకా వచ్చింది. అరిస్తే? అవ్వ ఉలిక్కిపడి లేస్తుంది. లేస్తే కుట్టు. కుట్టు తెగితే కన్ను. అరవకపోతే? బావి! రెండు చేతులతో నోరు మూసుకుని పరుగెత్తాను.

అటు నాయన కొట్టం దగ్గర నుంచి చూశాడు. "ఏయ్..." అన్నాడు. చేతులు ఊపి, నోటికి వేలు అడ్డం పెట్టి, కంటిని చూపించాను. ఆయనకు అర్థమైంది. ఆ కేక సగంలో మింగేశాడు. బక్కెట్టు వదిలేసి, చేలోంచి అడ్డంగా పరుగు. తాత కూడా కర్ర పట్టుకుని పరుగు. ముగ్గురం బండి పక్కన పిల్లుల్లా పరుగెత్తుతున్నాం, నోట్లోంచి మాట లేకుండా. మా వెనక గొర్రెలు! టైరుకు ఇంకా పిండి అంటుకుని ఉంది కదా, మంద మొత్తం ఊరేగింపులా వస్తోంది.

లోపల నుంచి అవ్వ గొంతు: "పాపా, బండి పోతాండాదా?"

"లేదవ్వా," అన్నాను జాలీకి మూతి ఆనించి, రొప్పు ఆపుకుంటూ. "మంచం ఊగుతాంది. నువ్వు లేయొద్దు. కదలొద్దు."

"మీ నాయన యాడ?"

"ఈడే. పక్కనే ఉండాడు."

అబద్ధం కాదు. పక్కనే పరుగెత్తుతున్నాడు.

డ్రైవరు తలుపు బయట నుంచి రాదు. కిటికీలో చెయ్యి పెట్టి లోపల గొళ్లెం లాగాలి. ఎడమ తలుపు అసలే రాదు, వెనక నుంచి ఎక్కి పోదామంటే అవ్వ మంచాన్ని కుదపాలి. కిటికీకి ఏముంది? జాలీ. ఎవరు కొట్టారు? నేను. ఎన్ని మేకులు? పదహారు! అప్పుడు లెక్కపెట్టి మరీ కొట్టాను, ఊడకూడదని. నాయన వెనక బంపరు పట్టుకుని మడమలు నేలకు తన్నిపెట్టి వెనక్కి లాగుతున్నాడు, బండి ఆయన్నే ఈడ్చుకుపోతోంది. తాత కంబళి తీసి ముందర టైరు కింద వేశాడు, టైరు దాని మీద నుంచి సాఫీగా పోయింది. బావి నోరు కనిపిస్తోంది. లోపల పావురాలు రెక్కలు కొట్టుకునే చప్పుడు కూడా వినిపిస్తోంది.

జాలీ ఒక మూల పట్టి పీకాను. రెండు మేకులు ఊడాయి. తల దూర్చాను. ముక్కు చీరుకుంది. భుజాలు దూర్చాను. కాళ్లు బయట గాల్లో, తల లోపల స్టీరింగు కింద. పెడలు కనిపించింది. రెండు చేతులతో, ప్రాణమంతా పెట్టి నొక్కాను. దేవుడా ఆగు, దేవుడా ఆగు...

ఆగింది.

ఆగింది! మెత్తగా, కూర్చున్నట్టు. బావికి ఇంకా నాలుగు బారల దూరం ఉంది. నేను పెడలు వదల్లేదు. గర్వంతో ఏడుపు వచ్చింది. నాయన కిటికీ దగ్గరికి వచ్చి, నా కాళ్లు పక్కకు జరిపి లోపలికి చూశాడు. తర్వాత చాలా మెల్లగా అన్నాడు:

"అది క్లచ్చి పాపా."

దున్నిన మన్నులో టైర్లు దిగబడి ఆగిందట బండి. నేను నొక్కినా ఒకటే, నొక్కకపోయినా ఒకటే.

వెనక్కి పోయి చూస్తే నా డిజైన్ ఉన్నచోట తడి మరక ఒకటే మిగిలింది. పైపు కొస సరిగ్గా దాని పైనే. నేను గిన్నెలు కడిగి కడిగి దాన్ని చక్కగా నానబెట్టాను, ఇంట్లో ఎనుముకు నానబెట్టినట్టే. తాత బిక్కమొహం వేశాడు. "కానీ అని నువ్వే అంటివి కదమ్మా!" అన్నాడు. అన్నాను. కడుపునిండా అని కూడా అన్నాను.

పక్క ఊరివాళ్లు వచ్చి మెల్లగా తోసి బండిని రోడ్డెక్కించారు. అవ్వకు చెప్పకూడదని నేనూ నాయనా ఒప్పందం. కానీ ఆ ఎనిమిది రోజులూ నాకు ముద్ద దిగలేదు. అవ్వ కట్టు సర్దుకుంటే పక్కన వాలేదాన్ని. "నొస్తాందా అవ్వా?" అని గంటకోసారి. "లేదే. నువ్వడిగినప్పుడే నొస్తాంది," అనేది.

ఎనిమిదో రోజు హిందూపురం. డాక్టరు కట్టు విప్పుతుంటే నేను గుమ్మం బయట గోడ వైపు తిరిగి నిలబడ్డాను. లోపల కత్తెర, సీసాల చప్పుడు. "అవ్వా, మెల్లగా తెరువు. ఇవి ఎన్ని వేళ్లు?" అన్నాడు డాక్టరు.

గోడ మీద సున్నం గోళ్లతో గీరుతూ విన్నాను.

"వేళ్ల సంగతి మళ్లీ చూస్తాం," అంది అవ్వ. "ముందు చొక్కాకు గుండీలు సరిగ్గా పెట్టుకో నాయనా. ఒకటి తప్పినావు."

ఏడుస్తూ లోపలికి పరుగెత్తాను. అవ్వ నన్ను చూసింది. గడ్డం పట్టుకుని ముఖం వెలుతురుకు తిప్పింది.

"ముక్కు మింద ఇదేందే?"

"పిల్లి గీరింది అవ్వా."

"పిల్లా? గొర్రెలు కదా వచ్చినాయి ఆ పొద్దు!"

నేను నాయనను చూశాను. నాయన కిటికీలోంచి బయటికి చూశాడు.

"పిండి నానిన వాసన నాకు తెలీదా? ఎవరికి నానబెట్టినావబ్బా అనుకుంటాంటి. అంతలోకి ఇల్లు కదిలె. మీరు ముగ్గురూ బయట అంత సద్దు లేకుండా ఉరుకుతాంటిరి, నేనొక్కదాన్నే అరుస్తే ఏం బాగుంటాదిలే అని గమ్మున పండుకుంటి."

"భయం కాలేదా అవ్వా?"

"ఎందుకు కాలేదు! మంచం పట్టె పట్టుకుంటే చేతులు చెమట్లు పోసె. కానీ నేను అరిస్తే నువ్వు బెదిరిపోయి, ఇంగేదన్నా తొక్కుతావేమోనని. తొక్కనే తొక్కితివి. క్లచ్చి అంట కదా?"

డాక్టరు గుండీలు సర్దుకుంటూ నవ్వాడు. నాయన కూడా నవ్వాడు, ఎనిమిది రోజుల్లో మొదటిసారి.

ఆ నోటు పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో బండి ఇంటికి నలభై దాకా టిప్పులు రాసుకున్నాను, అన్నీ కొట్టేశాను. ఒక్కటే మిగిల్చాను, మీకూ పనికొస్తుంది: టైరు కింద ఏది పెట్టాలన్నా, ముందు ఒక గొర్రెకు చూపించండి. అది మూతి తిప్పుకుంటేనే పెట్టండి.