రెండించు పైపు, అరవైమూడు పైపు

లారీ బాగేపల్లి దాటి, హైవే వదిలి మట్టిదారి పట్టేసరికి తెల్లవారుతోంది. చలి ఇంకా పూర్తిగా పోలేదు. రాతిగుట్టల మొదళ్లలో పల్చటి మంచు. గుట్టలు నేలకు ఆనకుండా తేలుతున్నట్టున్నాయి. ఏళ్ల తరబడి ఉత్తరాదిన పనిచేసినవాణ్ణి. మాది చింతామణి పక్క పల్లె. సొంత సీమకే డ్యూటీ మీద వస్తానని ఎన్నడూ అనుకోలేదు. దిగగానే బూటు కింద ఎర్రమట్టి పొడిపొడిగా రాలింది. నిద్రలో నడుస్తున్నట్టే ఉంది.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు అవి. వరసగా వానలు తప్పాయి. మాది సైన్యపు ఇంజనీర్ల దళంలో నీటి పనుల సెక్షను. శిక్షణ కోసం వచ్చాం. హవల్దారు ఆర్డరు చెప్పాడు. కింద చేనులోని బోరు నుంచి గుట్ట మీది పల్లెకు పైపు వేయాలి. నీటి ఒత్తిడికి నిలిస్తే లైను ఊరికే వదిలేస్తాం. నిలవకపోతే విప్పి, లారీకెక్కించి వెళ్లిపోతాం.

ఆ బోరు నరసమ్మది. భర్త పోయాక వేరుశనగ చేను తనే చూసుకునేది. ఊరి బోరు ఎండిపోయాక పల్లె పల్లెంతా బిందెలతో ఆమె బోరు దగ్గరికే దిగేది. నేను తెలుగులో మాట్లాడగానే ఆమె ఆగింది.

"మనోడివా అప్పా? యాడ మీది?"

చెప్పాను. ఆ రోజు నుంచి నన్ను పేరు పెట్టి పిలవలేదు. చింతామణప్పా అనేది.

మా డిపో నుంచి తెచ్చిన పైపులు సగం గుట్టకే అయిపోయాయి. మిగతావి చింతామణిలో ఒక అంగడికి ఫోను చేసి, రెండించువి, అంటే రెండు అంగుళాలవి, కావాలని తెప్పించాం. జిగురు పూసి, ఒకదానికొకటి తొడిగి, బండల మీదుగా పైకి తీసుకెళ్లాం. మంచి ఎండలో మోటారు వేశాం. పైన పల్లె ట్యాంకు దగ్గర వైర్‌లెస్ సెట్టుతో మా చిత్తూరు ఆపరేటరు. నేను ఇంకో సెట్టుతో వాలులో.

"వచ్చినాయా?" అన్నాను.

"గాలొస్తాండాది. నీళ్లు లేవు."

అంతలో నా కాళ్ల దగ్గరి జాయింటు ఊడింది. నీళ్లు మనిషి ఎత్తున లేచి బండ మీద పడ్డాయి. చిన్న ఇంద్రధనుస్సు ఒకటి పుట్టి, మోటారు ఆపగానే పోయింది. తడి మట్టి వాసన వచ్చింది. నరసమ్మ ఆ తడినే చూస్తూ నిలబడింది.

"ఆ నీళ్లు చేన్లో పారింటే శెనిక్కాయ ఇంకో దినం బతికేదప్పా," అంది మెల్లగా.

హవల్దారు విప్పేద్దామా అన్నట్టు గుట్ట వైపు చూశాడు. ఇంకొక్క అవకాశం ఇమ్మని అడిగాను. సరేనన్నాడు.

స్టోర్ చూసే అతనూ నేనూ రెండు రకాల పైపు ముక్కలూ బండ మీద పక్కపక్కన పెట్టాం. డిపో పైపు మీద అరవైమూడు అని అచ్చు. అది మిల్లీమీటర్లలో బయటి కొలత. అంగడి పైపు మీద రెండించు. అది పేరు మాత్రమే. టేపు పెడితే లోపలా రెండించు రాలేదు, బయటా రాలేదు. బయట అరవై మిల్లీమీటర్లు, పైన ఏదో చిల్లర. అరవైమూడు పైపు చివరి గూట్లో అది వదులు. ఆ సందును జిగురు పూడ్చలేదు. ఇంకో సంగతి కూడా అప్పుడే తేలింది. బయటి కొలత మారకుండా గోడ మందం పెరిగితే, లోపలి దారి సన్నబడుతుంది, ఒత్తిడి తట్టుకునే బలం పెరుగుతుంది. నీటి బరువంతా మోసే పల్లంలో మందపు గోడ ఉండాలి. మేము అక్కడే పల్చటివి వేశాం.

చింతామణి వెళ్లాం. అంగడాయన విని నవ్వాడు.

"రెండించంటే ఏ రెండించప్పా? ఈడ అరవైమూడునీ అట్లే అంటారు. అడిగింటే చెప్తా ఉంటి."

జిగురు తగలని పైపులు వెనక్కి తీసుకుని, అరవైమూడువే ఇచ్చాడు. పల్లానికి మందపువి ఎంచాం. లైను మళ్లీ కలిపి, జిగురు ఆరేదాకా మోటారు జోలికి పోలేదు.

జిగురు ఆరాక మోటారు వేసిన పగలు నేను అదే జాయింటు పక్కన కూర్చున్నాను. వేలు పెట్టి చూశాను. పొడిగానే ఉంది. సెట్టులో చిత్తూరు గొంతు పలికింది.

"నీళ్లొచ్చినాయి. ఊరోళ్లంతా ఈడే ఉండారు."

హవల్దారు పైపులెక్కించడానికి తెచ్చిన లారీని ఖాళీగా తిప్పమన్నాడు. పైపు మీద మట్టి తామే కప్పుకుంటామని ఊరివాళ్లు చెప్పారు. మర్నాడు బెంగళూరు మీదుగా యూనిట్‌కు తిరిగి వెళ్లాం. తర్వాత ఇంకా ఎత్తయిన కొండలు చూశాను, మంచు చూశాను. సర్వీసు ముగించి ఇంటికొచ్చాను.

అవన్నీ జ్ఞాపకంలో కలిసిపోయాయి. ఒక్కటి మాత్రం విడిగా నిలిచింది. రెండోసారి మోటారు వేసిన ఆ పగలు నరసమ్మ బోరు దగ్గర వంగి, ఎండకు కాలుతున్న పైపు మీద అరచేయి ఆనించింది. నీళ్లు చేరిన చోట పైపు చల్లబడుతోంది. ఆ చల్లదనం వెంటే చేయి జరుపుకుంటూ, నడుం ఎత్తకుండా, నన్ను చూడకుండా దాటి, ఆమె గుట్ట ఎక్కుతూ పోయింది.