పదకొండు చొక్కాల సభ

ఆ కుట్టు దుకాణంలో ఆమెను అందరూ కాజాలమ్మ అనే పిలిచేవారు. కత్తెర పట్టేది మాస్టారు, మిషను తొక్కేది ఆయన తమ్ముడు, కాజాలు తీసి గుండీలు కుట్టేది ఈమె. పన్నెండేళ్లుగా అదే మూల, అదే ముక్కాలిపీట, కిటికీలోంచి పడే అదే వెలుతురు. ఎవరైనా పలకరిస్తే ముందు దారం కొరికి, ఆ తర్వాత నవ్వేది.

ఆమెకు ఒకటే కోరిక. పరీక్ష రాసి విదేశీ వ్యవహారాల కార్యాలయంలో గుమాస్తా కావాలని. నాలుగుసార్లు రాసింది. నాలుగుసార్లూ అంతర్జాతీయ సంబంధాల పేపరు దగ్గరే బోల్తా పడింది. ఇది ఐదోసారి. ఇది కూడా పోతే వయసు దాటిపోతుంది, ఇక దరఖాస్తుకే వీలుండదు. ఆమెను పెంచిన పెద్దమ్మ మాత్రం, పక్కింటివాళ్ల సంగతే మనకు తెలియదు, పక్క దేశం సంగతి నీకెందుకే అని వేళాకోళమాడుతూనే, చదువుకునే వేళకు దీపం దగ్గరికి జరిపేది.

కష్టమంతా ఒప్పందాలతోనే. ఎవరెవరి మధ్య, ఏ ఏడు, ఏ షరతులు? చదివినంతసేపూ బాగానే ఉండేది, పుస్తకం మూస్తే చిక్కుపడిన దారపుండ అయ్యేది. గ్రంథాలయం పుస్తకం బుధవారం పొద్దున తిరిగి ఇచ్చేయాల్సి వచ్చింది, మరో అభ్యర్థి దానికోసం కాచుకుని ఉన్నాడు. అందుకని కొలతలు రాసే ఖాళీ చీటీలు మాస్టారిని అడిగి తీసుకుని, ఒక్కో ఒప్పందం ఒక్కో చీటీ మీద ఎక్కించింది. ముందువైపు షరతులు, వెనకవైపు సంవత్సరాలూ సంఘాల పేర్లూ. మొత్తం పదకొండు.

ఆ దుకాణానికి ఒక పద్ధతి ఉంది. కుట్టిన చొక్కా జేబులో కొలతల చీటీ పెట్టి ఇంటికి పంపుతారు. మళ్లీ గుడ్డ తెచ్చినప్పుడు ఖాతాదారు ఆ చీటీ తేవాలి. అందుకే జేబులో ఉన్న చీటీని దుకాణంలో ఎవరూ తీసి చూడరు.

ఆ బుధవారం మధ్యాహ్నం పని తెమిలింది. తాడు మీద పదకొండు చొక్కాలు వేలాడుతున్నాయి. ఫ్యాను గాలికి వాటి చేతులు మెల్లగా లేచి దిగుతున్నాయి. కళ్లు సగం మూసుకుని చూస్తూ ఉంటే అది చొక్కాల తాడులా అనిపించలేదామెకు. ఎక్కడో పెద్ద మందిరం. ఎత్తైన కిటికీలు. దేశాలన్నీ వచ్చి వరుసగా నిలబడ్డాయి. ఆ నీలం చొక్కా ఎగువన నదికి పుట్టిల్లయిన దేశం. ఈ గళ్ల చొక్కా సముద్రపు ఒడ్డున చేపల హద్దుకోసం పట్టుబడుతున్న దేశం. బూడిదరంగుది ఎవరితోనూ మాట్లాడదు, కాలరు బిగించుకుని ఉంటుంది. ఒకరి మాట ఒకరు వింటున్నట్టు తలలు లేని మెడలు ఊగుతున్నాయి. అంత పెద్ద సభలో ఎవరూ గొంతు పెంచడం లేదు.

ఆమె లేచి, ఎవరి ఒప్పందం వాళ్లకు అప్పగిస్తున్నట్టు, ఒక్కో చీటీ ఒక్కో జేబులో పెట్టింది. నీలం చొక్కాకు నదీజలాలు. గళ్లదానికి చేపలవేట. ఆశ్చర్యం, ఒక్కసారికే అన్నీ మనసులో కూర్చున్నట్టు తోచింది. దేవుడే చూపించిన దారి ఇది అనుకుని, సాయంత్రం చీటీలు తీసుకోవాలన్న సంగతే మరిచి ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు హాల్‌టికెట్టు మీద ఫొటో సరిగ్గా పడలేదని కార్యాలయం చుట్టూ తిరిగి మధ్యాహ్నం దుకాణానికి వచ్చేసరికి తాడు ఖాళీ. అందరూ వచ్చి పట్టుకెళ్లారని మాస్టారు సంతోషంగా చెప్పారు. ఆమె ముక్కాలిపీట మీద కూలబడింది. పరీక్ష ఆదివారం. ఆమెకున్న పుస్తకమల్లా ఆ పదకొండు చీటీలే.

సంగతి విని మాస్టారు కోప్పడలేదు. మెడలో టేపు తీసి బల్ల మీద పెట్టి, "సరే కాజాలమ్మా, చొక్కాలు మన చేతిమీదుగా వెళ్లాయి. మనుషులు మనకు తెలిసినవాళ్లే," అన్నారు. తమ్ముణ్ణి సైకిలు మీద పంపి, దారిన పోయే ఖాతాదారులను తానే ఆపి చెప్పారు.

శుక్రవారం సాయంత్రానికి పది చీటీలు తిరిగొచ్చాయి. చీటీ తడిస్తే ఆసుపత్రి నర్సు ఇస్త్రీ చేసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి తెచ్చింది. లెక్కల మాస్టారు కింద 'శ్రద్ధగా చదువు తల్లీ' అని రాసి పంపారు. నేరగాళ్ల అప్పగింత ఒప్పందం బస్సు డ్రైవరు జేబులోకి పోయింది.

"మా ఆవిడ చదివి, ఎక్కడేం చేసొచ్చావో నిజం చెప్పు అని నిలబెట్టింది," అన్నాడతను. "నువ్వే వచ్చి సాక్ష్యం చెప్పాలి చెల్లెమ్మా."

రానిది ఒక్కటే, నదీజలాల చీటీ. శనివారం పొద్దున్నే ఆమే బయలుదేరింది. నీలం చొక్కా ఒక మేడ కిందివాటాలో ఉండే పెద్దాయనది. ఆ మేడ తగువు వీధికంతటికీ తెలుసు. పైవాటా ఆవిడ వసారా కడిగిన నీళ్లు కింద ఆరేసిన బట్టల మీద పడతాయి. మూడేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

మెట్ల దగ్గరికి వెళ్లేసరికి చీటీ కనిపించింది. గోడకు, అందరికీ కనబడే ఎత్తులో, పిండి జిగురుతో అంటించి ఉంది. 'నీళ్లు వదిలే ముందు ఎగువవారు దిగువవారికి కబురు పంపాలి. కబురు అందినట్టు దిగువవారు తిరిగి చెప్పాలి. తగువు వస్తే మూడోవారి దగ్గరికి వెళ్లేముందు తమలో తాము కూర్చుని మాట్లాడుకోవాలి.' అంతా ఆమె చేతిరాతే. వెనకవైపు సంవత్సరాలు గోడకు అతుక్కుపోయాయి.

పెద్దాయన నీలం చొక్కాలోనే బయటికి వచ్చాడు. చూశావా అన్నట్టు చీటీ చూపించి, గొంతు తగ్గించి, "పైవాటా అమ్మాయిది పెద్దమనసు. నేరుగా చెప్పడానికి మొహమాటపడి, దర్జీవాళ్లచేత రాయించి నా జేబులో పెట్టించింది," అన్నాడు. "నేను ఒప్పుకున్నానని తెలియాలిగా, అందుకే ఇక్కడ అంటించా."

ఆమె ఏదో చెప్పబోయింది. అంతలో పైనుంచి, "తాతయ్యా, నీళ్లొదులుతున్నా," అని కేక వినిపించింది. ఆయన గబగబా తాడు మీది తువ్వాలు లాగి చంకలో పెట్టుకుని, "వదులమ్మా, అందింది," అన్నాడు. నీళ్లు మెట్టుమెట్టుకూ ఆగి, వెలుతురు తాగుతున్నట్టు మెరుస్తూ దిగాయి.

చీపురు పట్టుకుని దిగివచ్చిన పైవాటా ఆవిడ, పెద్దాయన లోపలికి వెళ్లాక, కాజాలమ్మ చెవిలో వేసింది. "ఆయనే ముందు దిగొచ్చాడక్కా. అంత వయసులో కూర్చుని రాసి అంటించాడు. నాకే సిగ్గేసింది."

కాజాలమ్మ చెయ్యి చీటీ అంచు దాకా వెళ్లింది. ఒక మూల జిగురు ఇంకా ఆరలేదు, గోటితో లేపితే ఊడివస్తుంది. కానీ ఊడదీస్తే ఎందుకని అడుగుతారు. అడిగితే ఎవరిదో చెప్పాలి. చెబితే ఇద్దరిలో ఎవరూ ముందు రాలేదని తేలిపోతుంది. ఆమె ఆ లేచిన మూలను బొటనవేలితో నొక్కి అంటించింది. తర్వాత నీళ్లు ఆరేదాకా మెట్టు మీద నిలబడి, గుడిలో గోడమీది శ్లోకం చదువుకున్నట్టు, ముందువైపు షరతులన్నీ పెదవులతో చదువుకుని వచ్చేసింది.

ఆదివారం పరీక్షలో ఆ నదీజలాల ప్రశ్నే వచ్చింది. ఒప్పందం ఏ సంవత్సరంలో కుదిరింది, పర్యవేక్షించే సంఘాల పేర్లేమిటి, అది ఇన్నేళ్లు ఎందుకు నిలిచింది? మొదటి రెండింటికీ ఎంత ఆలోచించినా గోడే కనిపించింది. ఖాళీ వదిలేసింది. మూడోదానికి కళ్లు మూసుకుంటే మెట్ల మీద నీళ్ల చప్పుడు వినిపించింది. ముందుగా చెప్పేవాళ్లు ఒకరు, అందిందనేవాళ్లు ఒకరు ఉండాలని, అవతలివాళ్లే ముందు మెత్తబడ్డారని ఇద్దరూ నమ్మినచోట ఒప్పందం గట్టిపడుతుందని రెండు పేజీలు రాసింది. చొక్కాలన్నీ తన వెనక నిలబడి వింటున్నట్టే అనిపించిందామెకు.

మూడు నెలలకు జాబితా వచ్చింది. మాస్టారు కళ్లజోడు సవరించుకుని, వేలు పెట్టి, పైనుంచి కిందికి వెతికారు. అట్టడుగు నుంచి రెండో వరుసలో ఆమె నంబరు. ఆ రెండు ఖాళీలు లేకపోతే ఇంకెంతో పైన ఉండేదని తమ్ముడు నొచ్చుకున్నాడు. ఆమె ముందు దారం కొరికింది, తర్వాత నవ్వింది.

ఉద్యోగంలో చేరే రోజున కొత్త దారిన కాకుండా ఆ మేడ ముందునుంచే నడిచి వెళ్లింది. చీటీ ఎండకు పసుపెక్కింది. ఎవరో దాని మీద అడ్డంగా గాజుముక్క బిగించారు. పైనుంచి కేక వినిపించింది, కిందనుంచి జవాబు వచ్చింది. ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, నీళ్లు వెళ్లేదాకా పక్కకు తప్పుకుని నిలబడింది.