నీలం మూత ట్యూబు మీది గీత

ఆ రోజుల్లో నా జాలిగుండె మీద నాకు మహా నమ్మకం ఉండేది. పటాన్‌చెరులో ఒక ఆసుపత్రి ల్యాబులో కొత్తగా టెక్నీషియన్‌గా చేరాను. నేను సూది గుచ్చితే తెలియనే తెలియదని పేషెంట్లు నా కుర్చీ ముందే వరుస కట్టేవారు. పక్క కుర్చీలో ఖాళీగా కూర్చున్న మా సీనియర్ సారును చూసి లోలోపల పొంగిపోయేదాన్ని. ఆయనను మేమంతా చాటుగా గీత సార్ అనేవాళ్లం. నెత్తురు గడ్డకట్టే పరీక్షకు వాడే నీలం మూత ట్యూబు మీద సన్నటి గీత ఒకటి ఉంటుంది. రక్తం సరిగ్గా అక్కడిదాకా రావాలి. "గీత దాకా నింపాలె" అని రోజుకు పదిసార్లు చెప్పేవారు. (పదకొండోసారి చెప్పినప్పుడు నేను విన్నట్టు తల ఊపేదాన్ని.)

బొంతపల్లి నుంచి నెలనెలా ఒక అత్తమ్మ వచ్చేది. గుండెలో వాల్వు మార్పించుకున్న మనిషి. ఆ కొత్త వాల్వు మీద నెత్తురు గడ్డకట్టకుండా రోజూ గోలీ వేసుకోవాలి, ఆ గోలీ సరిపోతోందా లేదా అని మా దగ్గర పరీక్ష చేయించుకోవాలి. కూలికి పోయి పోయి ఆమె చెయ్యి ఎండు కట్టెలా ఉండేది. ఆ రోజు ఆ చెయ్యి చాపుతూ, "జెర తక్కువ తియ్యి బిడ్డా. నెలంత తిన్న తిండి నువ్వే గుంజుకుంటవు" అంది. ట్యూబు సగానికి రాగానే సూది తీసేశాను. అత్తమ్మ నా తల నిమిరి, "సల్లగుండు" అంది. ఆ పూటంతా నా కాళ్లు నేల మీద ఆనలేదు. ఆ సగం ట్యూబును మిషన్‌లో పెట్టిందీ నేనే. గడ్డకట్టడానికి చాలా ఎక్కువ సేపు పట్టిందని వచ్చింది. డాక్టరమ్మ ఆ కాగితం చూసి, నెత్తురు మరీ పలచబడిందనుకుని, మూడు రోజులు గోలీ ఆపమంది.

మర్నాడు పొద్దున గీత సార్ పాత ట్యూబులు పారేస్తూ ఒకదాన్ని వెలుతురుకు ఎత్తి పట్టారు.

"ఇది ఎవరు తీసిన్రు?"

"నేనే సార్. పాపం, మస్తు బక్కగుంది."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "ట్యూబుల ఉండే, గడ్డకట్టనియ్యని మందు నిండు నెత్తురుకు సరిపోయేటంత పోసుంటరు. సగమే పోస్తె మందు ఎక్కువై గడ్డ జల్దీ కట్టదు. ఆమె నెత్తురు మంచిగనే ఉండొచ్చు. ఇప్పుడు గోలీ బంద్ జేసింది. వాల్వు మీద గడ్డ కడితే పానమే పోతది" అన్నారు మెల్లగా. తర్వాత డాక్టరమ్మకు చెప్పడానికి లేచారు. అత్తమ్మ ఫోను ఎత్తలేదు. సూదీ, కొత్త ట్యూబూ సంచిలో వేసుకుని నేను ఆటో ఎక్కాను. బొంతపల్లి దాకా ఫ్యాక్టరీల గోడలు తప్ప నాకేమీ కనబడలేదు, ఆమె ఉందో లేదో అన్న భయం ఒక్కటే.

అత్తమ్మ వాకిట్లో కూర్చుని పళ్లెం నిండా పాలకూర పప్పు కలుపుకుంటోంది. ఆ గోలీలు వేసుకునేవాళ్లు ఆకుకూరలు ఒక్కసారే ఎక్కువ తినకూడదు, తింటే గోలీ పట్టు తగ్గుతుంది. "రా బిడ్డా. గోలీలు బందైనయని ఇయ్యాల కడుపునిండ వండుకున్న" అంది సంబరంగా.

"గోలీలు బంద్ కాలేదు అత్తమ్మా. నేను తప్పు జేసిన. నెత్తురు తక్కువ తీసిన."

"తక్కువ తియ్యమన్నది నేనే గద."

"నువ్వు అడుగుతవు. నేను తక్కువ తియ్యొద్దు."

ఆమె నా కళ్లలో నీళ్లు చూసింది. పళ్లెం పక్కకు జరిపి, చెయ్యి కడుక్కుని, ఆ కట్టె లాంటి చెయ్యి మళ్లీ చాపింది. "నిండ తియ్యి. ముందుగాల కండ్లు తుడుసుకో, లేకుంటె నరం దొరకదు."

ఈసారి గీత దాకా తీశాను. ల్యాబుకు తెచ్చి చూస్తే నెత్తురు బాగానే ఉంది, ఆమె మానింది ఒక్క గోలీయే. ఆ రోజు నుంచే మళ్లీ మొదలుపెట్టింది. ఏమీ కాలేదు. కానీ ఏదైనా అయ్యుంటే ఆ పాపం జాలి రూపంలో నా చేతి మీదుగా జరిగి ఉండేది, అది నేను మర్చిపోలేదు.

గీత సార్ రిటైరయ్యారు. ఆయన కుర్చీలో ఇప్పుడు నేనున్నాను, ఎక్కువగా ఖాళీగానే. పేషెంట్లంతా పక్కన కొత్త పిల్ల దగ్గర వరుస కడతారు. ల్యాబు పిల్లలు చాటుగా నాకేం పేరు పెట్టారో అడిగే ధైర్యం చేయలేదు. బొంతపల్లి అత్తమ్మ మాత్రం నా దగ్గరికే వస్తుంది. తీసిన ట్యూబు నా చేతిలోంచి లాక్కుని, వెలుతురుకు పెట్టి తానే చూస్తుంది. "గీత దాకొచ్చింది. ఇగ ఏడ్వకు" అంటుంది. తల నిమిరించుకుని పొంగిపోయిన ఆనాటి నేను గుర్తొచ్చి, నేను నవ్వుతూ ట్యూబు మీద పేరు చీటీ అంటిస్తాను.