అద్దె హెడ్‌లైట్లు

1981 మార్చి 9, సోమవారం ఉదయం పదిన్నరకు విశాఖపట్నంలో మా లారీకి ఎఫ్.సి. పరీక్ష, అంటే బండి రోడ్డెక్కడానికి తగినదని ఇచ్చే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పరీక్ష, మొదలైంది. మావారు పోయాక మాకు ఆ లారీయే ఆధారం. ఎఫ్.సి. చేతికొస్తేనే మర్నాటి నుంచి ఉక్కు ఫ్యాక్టరీ పనులకు ఇసుక తోలే బేరం. పాత హెడ్‌లైట్లు మసకబారాయని, కొత్తవి కొనమని మా మరిదికి డబ్బిచ్చాను. లారీకి కొత్త లైట్లు కనిపిస్తే కొన్నాడనే అనుకున్నాను.

బ్రేకు ఇనస్పెక్టరు లైట్లు వేయించి, ఎదుటి గోడ మీద వెలుగు ఎక్కడ పడుతోందో చూశారు. “కుడిది పైకి కొడుతోంది. సరిచేయించండి, వస్తాను” అని పక్క లారీ దగ్గరకు వెళ్లారు.

అంతలో ఒక మనిషి స్క్రూడ్రైవరుతో వచ్చి రెండు లైట్లూ ఊడదీయసాగాడు.

“గంటకని తెచ్చినావు, గంటైపోనాది బావా. ఎనకాల లారీవోడు కాసుకోనున్నాడు” అన్నాడు మా మరిదితో. అవి అద్దె లైట్లని నాకప్పుడు తెలిసింది.

“అయిదు నిమిషాలాగరా బాబూ!”

“ఇంకో గంటద్దె ఇయ్యి, ఆగుతాను.”

“అరగంటకిత్తాను.”

వీళ్ల బేరం తెగేలోగా ఇనస్పెక్టరు తిరిగొచ్చారు. లారీకి లైట్ల చోట రెండు కన్నాలున్నాయి.

“తుడవడానికి తీసినాం సార్” అన్నాడు మరిది. వెనక లారీకి అవే లైట్లు బిగిస్తున్నారు. ఇనస్పెక్టరు అటొకసారి చూసి, మా కాగితాలు నా చేతిలో పెట్టేశారు.

“అలా సూత్తావేటి వదినా? అందరూ ఇలాగే సేత్తారు.”

అందరూ చేసే మోసం కూడా చేతకాని మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు.

పోయినవి ఎఫ్.సి., ఇసుక బేరం, లైట్ల డబ్బు. మరిదితో మాటలు కూడా ఆ రోజుతోనే పోయాయి గానీ, వాటిని నష్టంలో కలపలేదు.