నత్తగుల్ల కొంగ రెండో కాలు

రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో నేను ఎక్స్‌రేలు తీస్తాను. ఇరవై రెండేళ్లుగా అదే పని. "కదలకండి, ఊపిరి బిగబట్టండి" అని రోజూ ఎంతమందికి చెబుతానో లెక్కలేదు. అందుకే నలభై ఎనిమిదో ఏట కెమెరా కొనుక్కోవడానికి దుకాణానికి వెళ్లినప్పుడు, అక్కడి అమ్మకందారు ఫొటో అంటే ఏమిటో ఓనమాల దగ్గర్నుంచి మొదలుపెట్టబోతే ఆపేశాను.

"లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా తీసుకోండి మేడమ్. క్వాలిటీ బావుంటుంది," అన్నాడతను.

"నాకు బ్రిడ్జి కెమెరా కావాలండి. లెన్సు మార్చక్కర్లేకుండా, జూమ్ బాగా దూరం వెళ్లేది."

చూడటానికి అదీ పెద్ద కెమెరాలాగే ఉంటుంది గానీ దాని లెన్సు ఊడి రాదు. ఆ ఒక్క లెన్సుతోనే కాళ్ల దగ్గరి చీమనీ తీయొచ్చు, చెరువు అవతలి గట్టు మీది పిట్టనీ తీయొచ్చు. స్కూటీ మీద ఒక్కదాన్నే తిరిగే నాకు అంతకంటే నప్పేది లేదు. మసక వెలుతురులో బొమ్మ మీద ఇసక చల్లినట్టు వస్తుందని కూడా నాకు తెలుసు. ఎండ పడేదాకా ఆగితే సరి. ఆగడం నాకు బాగా వచ్చు.

నా చెరువు కోరుకొండ వెళ్లే దారిలో, రోడ్డు దిగి రెండు పొలాలు దాటితే వస్తుంది. ఎవరిదో గృహప్రవేశానికి వెళ్లి వస్తూ దారి తప్పి దాని గట్టెక్కాను. నీళ్ల మీద సగం మేర తామరాకు. ఆ ఆకుల మీద పొడుగు వేళ్లతో అడుగులో అడుగు వేసుకుంటూ తామరకోళ్లు. ఒక ముణుగుడు కోడి ఇక్కడ మునిగి ఎక్కడో తేలింది. చీర కుచ్చెళ్లు పైకి దోపుకుని గంటసేపు నిలబడిపోయాను. ఆ తర్వాత వారానికి మూడు రోజులు, డ్యూటీకి వెళ్లేముందు అక్కడే. ఆదివారం అయితే చెరువు నుంచి సరాసరి చర్చికి. చెప్పులకు బురదతో వెనక బెంచీలో కూర్చునేదాన్ని. పాస్టరుగారి భార్య నా చెప్పులు చూసేది గానీ ఏమీ అనేది కాదు.

జూమ్ పూర్తిగా లాగాక చెయ్యి ఏమాత్రం వణికినా పక్షి బొమ్మలోంచి ఎగిరిపోతుంది. దానికి ఒక ఉపాయం చేశాను. పాత జీన్సు ప్యాంటు కాలు ఒకటి కత్తిరించి, సంచీలా కుట్టి, నిండా పెసలు పోశాను. తూము గోడ మీద ఆ సంచీ, సంచీ మీద కెమెరా. బ్రహ్మాండంగా కుదిరింది. కానీ ఒకసారి వానలో తడిసిన సంచీని అలాగే డిక్కీలో మరిచిపోయాను. మూడో రోజు తీసి చూస్తే కుట్లలోంచి తెల్లటి మొలకలు తొంగి చూస్తున్నాయి. ఆ తర్వాత రాగులు పోశాను, తడవకుండా లోపల ఒక ప్లాస్టిక్ కవరు పెట్టి.

ఆ తూము దగ్గరే ఆయన పరిచయమయ్యాడు. అరవై దాటిన మనిషి. ఆ చెరువులో చేపలు పట్టుకునే కుటుంబాల్లో ఒకరు. మొదటి రోజు పడవ గట్టుకు ఆనించి, చేతిలో గెడతోనే నా దగ్గరికొచ్చాడు.

"ఎవరండి మీరు? పేపరోళ్లా? సర్వే వాళ్లా?"

"ఎవరినీ కాదండి. పక్షులకి ఫొటోలు తీసుకుంటున్నాను."

"కొంగలకి ఫొటోలేంటండి? మనుసులు కరువయ్యారా?"

నేను నవ్వి, అప్పుడే తీసిన నీలి బొల్లికోడి బొమ్మ తెరమీద పెద్దది చేసి చూపించాను. ఎర్రటి కన్ను, దాని చుట్టూ సన్నటి ఈకలు. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని కెమెరా అందుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"పుట్టి బుద్ధెరిగిన కాణ్నుంచి సూత్తన్నానండి దీన్ని. కన్ను ఎర్రగా ఉంటదని ఇప్పుడే తెలిసింది," అన్నాడు.

అప్పట్నుంచి ఆయన నాకు బాబాయ్, నేను ఆయనకు ఎక్స్‌రే అమ్మగారు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది ఏ వీడియోలోనూ దొరకలేదు. "పిట్ట ఎప్పుడూ గాలికి ఎదురుగా లెగుద్దండి. గాలి ఎటో సూసుకుని కూకోండి, మీ మొకం మీదికే వత్తది," అన్నాడొకసారి. ఆ మాట విన్న మర్నాడే ఈలబాతుల గుంపు మొత్తం నా వైపుకే లేచింది. బదులుగా నేను ఆయనకు కెమెరా నేర్పాను. బటను సగం నొక్కాలి, టిక్ అన్నాక మొత్తం నొక్కాలి. ఆయన వేలికి ఆ సగం అంటే ఎంతో తెలియడానికి వారం పట్టింది.

ఒక చలికాలం పొద్దున చెరువు మధ్య మట్టిదిబ్బ మీద ఒక నత్తగుల్ల కొంగ ఒంటరిగా కనిపించింది. ముక్కు మూసినా మధ్యలో సందు ఉండే కొంగ అది. ఆ ముక్కుతోనే నత్తల్ని గుల్లలోంచి లాగి తింటుంది. మిగతా గుంపంతా దూరంగా మేస్తుంటే ఇది మాత్రం ఒంటికాలి మీద నిలబడి ఉంది.

"ముసల్దండి. కునుకు తీత్తంది. కొంగలకి అలవాటే గదా," అన్నాడు బాబాయ్.

నేనూ అలాగే అనుకుని నాలుగు ఫొటోలు తీసుకుని డ్యూటీకి వెళ్లిపోయాను. మర్నాడు వెళితే అది అక్కడే ఉంది. అదే కాలు మీద. అలవాటైతే కాలు మారుస్తుంది కదా? సంచీ సర్ది, జూమ్ చివరిదాకా లాగి, ఊపిరి బిగబట్టి తీశాను. తెరమీద బొమ్మను పెద్దది చేసుకుంటూ పోయాను. రెండో కాలు పొట్టలోకి ముడుచుకుని ఉంది. ఆ కాలి మీంచి రెక్క మొదట్లోకి వెంట్రుకలాంటి తెల్లటి గీత ఒకటి సాగి ఉంది. ఎముకలో వెంట్రుకవాసి పగులు వెతకడమే నా వృత్తి. ఆ గీత ఈక కాదని నాకు వెంటనే తెలిసిపోయింది.

"బాబాయ్, ఇది నిద్రపోవట్లేదు. కాలు కట్టేసుకుపోయింది. నైలాన్ దారం."

ఆయన తెరను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు. పడవ వైపు నడిచాడు.

"ఎవరికైనా ఫోన్ చేద్దామా?" అన్నాను.

"వాళ్లొచ్చేసరికి ఎండెక్కుద్దండి. రండి, ఎక్కండి."

నాకు ఈత రాదు. అయినా ఎక్కాను. ఆసుపత్రికి ఫోన్ చేసి గంటన్నర పర్మిషన్ అడిగాను. పక్షికి దెబ్బ తగిలిందంటే నవ్వుతారని తెలుసు, అయినా ఉన్నమాటే చెప్పాను. మా సీనియర్ నవ్వి సరేనన్నాడు.

బాబాయ్ గెడ వేస్తుంటే పడవ తామరాకుల్ని చీల్చుకుంటూ వెళ్లింది. ఇరవై అడుగుల దూరంలో కొంగ మమ్మల్ని చూసింది. రెక్కలు విప్పింది. ఒక రెక్క పూర్తిగా విచ్చుకోలేదు. పక్కకు ఒరిగి, లోతులేని నీళ్లలో పడి కొట్టుకుంది.

ఆయన విసురువల చేతిలోకి తీసుకున్నాడు.

"వద్దు బాబాయ్, వల అంచున సీసం గుళ్లుంటాయి. రెక్క విరుగుతుంది."

"నలభై ఏళ్లనాటి చెయ్యండి ఇది. గుళ్లు దాని సుట్టూ పడతాయి గానీ దాని మీద పడవు."

నా పని మీద నాకు ఎంత నమ్మకమో ఆయన పని మీద ఆయనకు అంత నమ్మకం ఉంటుంది కదా అనిపించి తప్పుకున్నాను. వల గాల్లో గుండ్రంగా విచ్చుకుని, కొంగ చుట్టూ నీళ్లమీద చప్పుడు లేకుండా వాలింది. ఒక్క గుండు కూడా దాన్ని తాకలేదు.

మోకాలి లోతు బురదలోకి దిగాను. వల అంచు ఎత్తి, చున్నీ దాని తలమీద కప్పాను. కళ్లకు చీకటైతే జీవం కాస్త నెమ్మదిస్తుంది. కప్పేలోపే అది ముక్కుతో నా మణికట్టు పట్టుకుని ఒక్క నులుము నులిమింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. దాన్ని చంకలో ఇరికించుకుంటే నాకు ఆశ్చర్యం వేసింది. అంత పొడుగు పక్షి, బరువే లేదు. రొమ్ము ఎముక కత్తి అంచులా చేతికి తగిలింది. ఎన్నాళ్లుగా తిండి లేదో.

దారం కాలికి నాలుగు చుట్లు చుట్టుకుంది. దాని చివర గాలం రెక్క మొదట్లో చర్మంలో దిగి ఉంది. బాబాయ్ బ్లేడుతో దారం కోశాడు. గాలాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వెనక్కి లాగబోయాడు.

"ఆగండి!" అని అరిచాను. "లాగితే ముల్లు మాంసాన్ని చీల్చేస్తుంది."

"సేపకైతే లాగేత్తామండి."

"చేప బతకక్కర్లేదు బాబాయ్. ఇది బతకాలి."

అరచేతిలో గాలం దిగిన వాళ్లు మా దగ్గరికి ఏటా వస్తూనే ఉంటారు. ఎక్స్‌రేలో ముల్లు ఎటు తిరిగి ఉందో చూసి, డాక్టరుగారు గాలాన్ని వెనక్కి లాగకుండా ముందుకే తోసి, మొన బయటికి వచ్చాక తుంచేస్తారు. నేను అదే చెప్పాను. ఆయన పడవలోంచి పటకారు తెచ్చాడు. నేను చర్మాన్ని బిగించి పట్టుకున్నాను. ఆయన మెల్లగా తోశాడు. మొన బయటికి వచ్చింది. టక్కున తుంచాడు. మిగిలిన కొక్కెం వెన్నలోంచి వచ్చినట్టు వచ్చేసింది. రెండు చుక్కల రక్తం, అంతే.

కొంగను గట్టుకు తెచ్చి రెల్లు నీడలో దింపాం. దాని రెండో కాలు నిలవలేదు, చతికిలబడింది. నేను దాన్నే చూస్తున్నాను. బాబాయ్ మాత్రం అరచేతిలో ఉన్న గాలాన్ని, దానికి వేలాడుతున్న దారాన్ని తిప్పితిప్పి చూస్తున్నాడు.

"ఈ ముడి నాదండి," అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఈ సెరువులో గాలానికి రెండు సుట్లు సుట్టి, ఎనక్కి మడిచి ముడేసేది నేనొక్కణ్నే. మా నాన్న నేర్పాడు. మొన్నామధ్య తామర తూడుకి తగులుకుంటే తెంపేసి వదిలేశాను."

"తెలిసి చేసింది కాదు కదా బాబాయ్."

"తెలిసి కాదండి. కానీ నాదే."

ఆయన తప్పును ఆయనే ఒప్పుకుంటుంటే మధ్యలో ఓదార్చడానికి నేనెవర్ని?

పర్మిషన్ అయిపోవస్తోంది. పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళతానంటే ఆయన ఒప్పుకోలేదు. "మద్దేనం దాకా సూద్దామండి. లెగకపోతే బుట్టలో ఎట్టుకుని ఆటోలో నేనే తీసుకెల్తాను. మీరెల్లండి," అన్నాడు. అప్పుడు నేను కెమెరా తీసి ఆయన మెడలో వేశాను.

"అమ్మో, పాడైపోద్దండి."

"పాడవదు. ఎగిరితే తీయండి. సగం నొక్కాక టిక్ అంటుంది, గుర్తుందిగా."

ఆ రోజు నేను తీసిన ఎక్స్‌రేలు ఒక్కటీ తప్పు పోలేదు గానీ, మనసంతా ఆ గట్టు మీదే ఉంది. సాయంత్రం డ్యూటీ దిగి నేరుగా చెరువుకు వెళ్లాను. బాబాయ్ తూము మీద కూర్చుని ఉన్నాడు. పక్కన ఆయన భార్య. రెల్లు నీడలో కొంగ లేదు.

"ఎల్లిపోయిందండి! మద్దేనం లేచి నిలబడింది. నాలుగు నత్తలు తెచ్చి ముందేత్తే రెండు తింది. తర్వాత గాలికి ఎదురుగా తిరిగి..." అని చెయ్యి పైకెత్తి చూపించాడు.

కెమెరాలో మూడువందల పైచిలుకు ఫొటోలు. ఆకాశం, ఆయన బొటనవేలు, ఆకాశం, ఒక గేదె, కొంగ పాదాలు, మళ్లీ ఆకాశం. చివరికి ఒకటి దొరికింది. కొంగ తల బొమ్మలో లేదు, ఒక రెక్క సగమే ఉంది. కానీ రెండు కాళ్లూ ఉన్నాయి. రెండూ వెనక్కి తిన్నగా, సమానంగా సాగి ఉన్నాయి. నా దగ్గర కంటి రెప్ప దాకా స్పష్టంగా వచ్చిన పక్షుల ఫొటోలు వేలు ఉన్నాయి. అవేవీ దానికి సాటి రావు. ఆ మాట ఆయనకు చెబితే సిగ్గుపడ్డాడు.

మర్నాటి నుంచి ఆయన పడవలో ఖాళీ రంగు డబ్బా ఒకటి ఉంటోంది. తామర తూళ్లకు చిక్కిన దారపు ముక్క ఎక్కడ కనిపించినా తీసి అందులో వేస్తాడు. మిగతావాళ్లకు కూడా చెబుతున్నాడు. కొందరు వింటున్నారు, కొందరు ఇంకా వినలేదు.

ఆ మూడువందల్లో ఇంకో ఫొటో ఉంది. అది అనుకోకుండా తీసింది కాదు. టిక్ అనేదాకా ఆగి మరీ తీశాడు. ఆయన భార్య వల అల్లుతూ, సూదికర్ర పళ్లమధ్య పెట్టుకుని, కెమెరా వైపు కాక వల కంతల్లోకి చూస్తోంది. చెవి దగ్గర నెరిసిన వెంట్రుకల మీద ఎండ పడుతోంది. ప్రింటు వేయించి చెరువు గట్టున ఉన్న వాళ్లింటికి పట్టుకెళ్లి ఇచ్చాను. ఆవిడ చీర కొంగుతో చేతులు తుడుచుకుని అందుకుంది. చాలాసేపు చూసుకుంది.

"ఈయనేనా తీసింది?" అని అడిగింది.

"ఆయనేనండి."

"పనిలో ఉన్నప్పుడు నేను ఇలా ఉంటానా?" అంది. మళ్లీ చూసుకుని, ఫొటోను కాగితంలో చుట్టి లోపలికి తీసుకెళ్లింది. బాబాయ్ నా వైపు చూడకుండా పడవలోని నీళ్లు తోడటం మొదలుపెట్టాడు.